ఏమీ జరగని రోజున చేసే పని

మన ఇళ్లలో సంబంధం మాట్లాడుకునేటప్పుడు అడగని ప్రశ్నంటూ ఉండదు. అబ్బాయి జీతమెంత, క్వార్టర్సు ఇచ్చారా, పింఛను ఉన్నదా, అన్నదమ్ములెందరు, ఆడబిడ్డలెందరు – గోత్రం మొదలుకొని గృహవసతి దాకా అన్నీ విచారిస్తాం. కాని "అబ్బాయి రోజూ ఎనిమిది గంటలు ఏ గాలి పీలుస్తున్నాడు?" అని అడిగిన వియ్యంకుడు ఇంతవరకు కనబడలేదు. ఎవరైనా అడిగితే ఇదేం చోద్యమని ముక్కున వేలేసుకుంటారు. ఈ నెల ఆ చోద్యపు ప్రశ్ననే కాస్త విచారిద్దాం.

ఇది మనకు పట్టని విషయం కాదు. సండూరు గనులలో, తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో, హోసపేట దగ్గర లోహపు కొలుముల్లో మనవాళ్లు పని చేస్తున్నారు. విశాఖపట్టణంలోనూ హైదరాబాదు చుట్టుపట్లా ఉన్న రసాయన ఫ్యాక్టరీలలో మన మేనల్లుళ్లు, అల్లుళ్లు, ఇప్పుడు అమ్మాయిలు కూడా ఉన్నారు. నెల మొదట జీతం ఇంటికి వస్తున్నది. జీతంతో పాటు ఇంకేమైనా వస్తున్నదేమో చూసుకోవలసిన వాళ్లం మనమే.

సండూరుతోనే మొదలుపెడదాం. 1953 అక్టోబరు 1న మదరాసు రాష్ట్రం విడిపోయినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. బళ్లారి, హోసపేట, సండూరు మొదలైనవి మైసూరులో చేరాయి. గీత ఎటు పడినా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుకుంటూ మన కుటుంబాలు ఇక్కడే నిలిచాయి. సండూరు అంతకు ముందు ఘోర్పడే వంశం వారి చిన్న సంస్థానం. ఊరి చుట్టూ కోటగోడల వలె కొండలు, కొండ మీద కుమారస్వామి. ఆ కొండల్లో రెండు సంపదలు ఉన్నాయి. ఎర్రగా కనబడేది ఇనుప ఖనిజం, నల్లగా కనబడేది మాంగనీసు. 1954లో సండూరు మాంగనీస్ అండ్ ఐరన్ ఓర్స్ కంపెనీ ఏర్పడింది. ప్రభుత్వ రంగంలోని జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1977లో దోణిమలై గని ప్రారంభించింది.

మాంగనీసు తెలుగువారికి కొత్తది కాదు. మన దేశంలో ఆ ఖనిజం తవ్వకం మొదలైనదే 1892 ప్రాంతంలో, నాటి విశాఖపట్టణం జిల్లా కోడూరులో. ఇల్లాళ్లకు కూడా అది బాగా తెలిసినదే, పేరు తెలియకపోవచ్చు గాని. టార్చిలైటు సెల్లు పగిలితే చేతికంటే నల్లపొడి మాంగనీసుదే. బావిలో వేసే ఊదారంగు పొటాషియం పర్మాంగనేటు దాని నుంచి తయారైనదే. ఉక్కు గట్టిపడటానికి అందులో కలిపేదీ అదే. ఇంతెందుకు, మనం తినే ధాన్యాల్లో, ఆకుకూరల్లో రవ్వంత మాంగనీసు ఉంటుంది. ఆ రవ్వంత దేహానికి అవసరం కూడా. ముప్పు వచ్చేది తిండి వల్ల కాదు, రోజుల తరబడి దాని ధూళినీ పొగనూ పీల్చడం వల్ల.

ఈ సంగతి మొదట బయటపడినది గనిలో కాదు, రసాయన కర్మాగారంలో. స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో బ్లీచింగ్ పౌడరు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. దానికి కావలసిన క్లోరిన్ వాయువు తీయడానికి మాంగనీసు ఖనిజాన్ని పొడిగొట్టేవారు. ఆ పొడిగొట్టే కూలీల కాళ్లలో బలం తగ్గిపోవడం, ముందుకు తూలుతూ నడవడం, మాట గుసగుసగా మారడం గమనించి జాన్ కూపర్ అనే వైద్యుడు 1837లో రాశాడు. తరువాతి కాలంలో వైద్యులు ఈ జబ్బును ఇంకా వివరంగా తెలుసుకున్నారు. మొదట మనిషి చిరాకు పడతాడు, కారణం లేకుండా నవ్వుతాడు, నిద్ర పట్టదు. క్రమేణా ముఖంలో కదలిక తగ్గుతుంది, చేతిరాత చిన్నదైపోతుంది, నడక మారుతుంది. ముదిరిన తరువాత, పని మానుకున్నా పూర్తిగా నయం కావడం కష్టం.

గమనించండి, ఈ తొలి గుర్తులు ఫోర్‌మనుకు కనబడేవి కావు, భార్యకు కనబడేవి. "ఈ మధ్య ఈయన ధోరణి మారింది" అని ముందుగా తెలుసుకునేది ఇల్లాలే. ఆమె దానిని సంసారంలోని చికాకుగా భావించి ఊరుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బులపై గ్రంథం రాసి, రోగిని చూసే వైద్యుడు "నీవు చేసే పని ఏమిటి?" అన్న ప్రశ్న తప్పక అడగాలని చెప్పాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ ప్రశ్న మన ఆసుపత్రుల్లో ఇంకా అందరూ అడగటం లేదు. కనుక వాళ్లు అడగకపోయినా మనమే చెప్పాలి. మాంగనీసు కొలిమిలో పనా, రాయి తొలిచే పనా, ఎన్నేళ్ల నుంచి, ఇవన్నీ దగ్గుకు మందు అడిగేటప్పుడే చెప్పండి. రాతిలోని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరితే వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. చాలా ఏళ్లు దానిని క్షయ అని పొరబడి మందులు మింగే వాళ్లూ కద్దు.

ఇది నెమ్మదిగా వచ్చే ముప్పు. ఒక మనిషికి మాత్రమే కాక ఒక ఊరికే ఈ నెమ్మది ముప్పు వస్తే ఎట్లా ఉంటుందో సండూరు లోయ చూసింది.

2003 తరువాత చైనా దేశం ఇనుప ఖనిజం విరివిగా కొనడంతో ధర పెరిగింది. ధరతో పాటు లారీలు పెరిగాయి. రోడ్డు పక్క జొన్న చేల ఆకులు ఎర్రబారాయి, ఇంటి అరుగులు ఎర్రబారాయి, వానాకాలంలో వాగులు ఎర్రగా పారాయి. చెరువుల్లో పూడిక చేరింది. ఏ ఒక్క రోజూ ప్రమాదం జరిగిందని చెప్పడానికి లేదు. ప్రతి రోజూ కొంచెం జరుగుతూనే ఉన్నది. 2009లో సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ సుప్రీంకోర్టు గడప తొక్కింది. 2011 జులై 27న కర్ణాటక లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ గనుల మీద తమ నివేదిక సమర్పించారు. జులై 29న బళ్లారి జిల్లాలో తవ్వకం నిలిపివేయవలసిందిగా సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. ఆగస్టులో చిత్రదుర్గ, తుముకూరు జిల్లాలకు కూడా ఆ ఆజ్ఞ వర్తింపజేసింది.

తరువాత జరిగినది మనం శ్రద్ధగా తెలుసుకోదగినది. మూడు జిల్లాల్లోని 166 లీజులను కొలిచి మూడు తరగతులుగా విడదీశారు. హద్దు దాటనివి, దాటినా అతి స్వల్పమైనవి మొదటి తరగతి. కొంత మేరకు దాటినవి రెండో తరగతి. తమ లీజు విస్తీర్ణంలో నూటికి పది వంతులకు మించి బయట తవ్విన వారు, లేదా పదిహేను వంతులకు మించి బయట మట్టి పోసిన వారు మూడో తరగతి. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పులో మూడో తరగతి లీజులు రద్దయ్యాయి. మిగిలిన గనులు కూడా ఊరికే తెరుచుకోలేదు. ప్రతి గనికీ ఒక పునరుద్ధరణ ప్రణాళిక వేశారు. మట్టి గుట్టలను మెట్లుగా దిద్దడం, వాలు మీద కొబ్బరి పీచు చాపలు పరిచి మొక్కలు నాటడం, వాన నీరు మట్టిని తెచ్చి వాగులో కలపకుండా అడ్డుకట్టలు కట్టడం, రోడ్లు తడపడం – ఇటువంటివి. ఏటా తవ్వే ఖనిజానికి ఒక పరిమితి పెట్టారు. మొదట మూడు జిల్లాలకు కలిపి 3 కోట్ల టన్నులు. తరువాత పెంచుతూ 2022 ఆగస్టులో 5 కోట్ల టన్నులు చేశారు. ఆ పరిమితి పెట్టేటప్పుడు కొండలో ఎంత ఖనిజం ఉన్నదన్నది ఒక్కటే చూడలేదు. ఈ నేల, ఈ రోడ్లు, ఈ గాలి ఎంత ఓర్చుకోగలవన్నది కూడా లెక్కలోకి తీసుకున్నారు.

ఆలోచిస్తే ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. గుట్టకు మెట్లు కట్టడం, లారీకి పట్టా కప్పడం, దారికి నీళ్లు చల్లడం ఎవరికి తెలియదు? అవన్నీ మొదటి రోజు నుంచీ చేయదగినవే. చేయకపోవడం వల్ల కోర్టు తాళం వేసేదాకా వచ్చింది. తాళం పడినప్పుడు అక్రమం చేసిన వాడితో పాటు, ఏ పాపమూ ఎరుగని కూలీ, డ్రైవరు, మెకానిక్కు కూడా పని పోగొట్టుకున్నారు. శుభ్రంగా నడవని చోట ఉద్యోగం కూడా భద్రం కాదని సండూరు నేర్పిన పాఠం. "పర్యావరణం అంటూ పోతే మన పొట్ట కొడతారు" అనే వాళ్లకు ఇదే జవాబు.

ఇక ఒక్క రాత్రిలో వచ్చే ముప్పు మాట. దీనికి సండూరు నుంచి విశాఖపట్టణం దాకా పోవాలి.

విశాఖ శివార్లలో గోపాలపట్నం దగ్గర ఆర్. ఆర్. వెంకటాపురం అనే పల్లె ఉన్నది. అక్కడి ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. 1997లో దక్షిణ కొరియా కంపెనీ తీసుకున్న తరువాత ఎల్.జీ. పాలిమర్స్ అయింది. వారు స్టైరీన్ అనే ద్రవంతో, థర్మోకోల్ వంటి సరుకులకు మూలమైన ప్లాస్టిక్కు తయారుచేసేవారు. 2020 మార్చి నెలాఖరులో దేశమంతా లాక్‌డౌన్ కాగానే ఫ్యాక్టరీ ఆగింది. స్టైరీన్ మాత్రం ట్యాంకులో ఉండిపోయింది. మే 7 తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ఒక ట్యాంకు నుంచి ఆవిరి వెలువడి నిద్రపోతున్న ఊరి మీదికి పాకింది. 12 మంది చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఇది ఎట్లా జరిగిందో వంటింటి భాషలోనే చెప్పవచ్చు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడి తగిలితే దాని అణువులు ఒకదానినొకటి పట్టుకొని గట్టిపడటం మొదలుపెడతాయి. అట్లా పట్టుకునేటప్పుడు మరింత వేడి పుడుతుంది, ఆ వేడి వల్ల పని మరింత వేగిరమవుతుంది. ఒక దశ దాటితే ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే ఊరగాయ చెడకుండా ఉప్పు వేసినట్లు, అందులో ఒక నిరోధక రసాయనం కలుపుతారు. అది రోజులు గడిచేకొద్దీ హరించుకుపోతుంది గనుక మళ్లీ మళ్లీ చూసి కలుపుతూ ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం విచారించి అదే సంవత్సరం జులైలో నివేదిక ఇచ్చింది. ఆ ట్యాంకులో వేడిని అడుగు భాగాన కొలిచే ఏర్పాటే ఉన్నది, పైభాగాన లేదు. ఎండకు కాగిన గాబులో అడుగున చేయి పెట్టి నీళ్లు చల్లగా ఉన్నాయనుకున్నట్లు ఉన్నది ఇది. చల్లబరచే యంత్రాన్ని రాత్రిళ్లు ఆపివేసేవారు. నిరోధక రసాయనం చాలినంత లేదు. ఇంతా అయిన తరువాత సైరను మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల వీలున్నా, ఊరిని లేపవలసిన సైరను మోగలేదు.

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాలులో జరిగినది పెద్దలకు జ్ఞాపకమే. అక్కడ కూడా విషద్రవం ఉన్న ట్యాంకును చల్లబరచే యంత్రం ఆ ఏడాది జూను నుంచే ఆపి ఉంచారు. వాయువును కడిగే యంత్రం, మండించే గొట్టం సిద్ధంగా లేవు. ఊరు వేరు, కంపెనీ వేరు, ద్రవం వేరు. మధ్య ముప్పై అయిదేళ్లకు పైబడిన ఎడం. అయినా చల్లబరచే యంత్రం ఆగిన కథ మాత్రం ఒక్కటే.

అందులోనే అసలు సంగతి ఉన్నది. ఫ్యాక్టరీలో భద్రత అనేది ప్రమాదం జరిగిన రోజున చేసే పని కాదు. ఏమీ జరగని రోజున చేసే పని. దాని చిక్కు కూడా అదే. చల్లబరచే యంత్రం రాత్రంతా తిరిగింది, ఏమీ జరగలేదు. తెల్లవారి లెక్కల్లో కరెంటు ఖర్చు మాత్రం కనబడింది. వెయ్యి రాత్రులు అట్లా గడిస్తే, ఇది దండుగ ఖర్చు గదా అని ఎవరికో ఒకరికి తోస్తుంది. బావికి వరలున్నంత కాలం వాటి విలువ తెలియదు, పిల్లవాడు పడనందుకు వరలను మెచ్చుకునే వాడెవడు? ఏమీ జరగకపోవడమే ఆ పని ఫలితమని గుర్తు పెట్టుకునే యాజమాన్యం మంచి యాజమాన్యం.

రెండో సంగతి, లోపం చెప్పిన వాడి గతి. పెద్ద ప్రమాదానికి ముందు చిన్న చిన్నవి తప్పక జరుగుతాయి. ఒక వాల్వు కారుతుంది, ఒక మీటరు తప్పు చూపుతుంది, ఒకడు జారిపడబోయి నిలదొక్కుకుంటాడు. వాటిని ఎవరో ఒకరు చూస్తారు. చెప్పిన వాడిని "నీకెందుకయ్యా" అని గదమాయించే చోట, రెండోసారి చెప్పేవాడు ఉండడు. కాంట్రాక్టు కూలీ అయితే మరీను. రేపు గేటు దగ్గర తన పేరు పిలవరేమో అన్న భయం అతని నోటికి తాళం. కనుక ఒక ఫ్యాక్టరీ గోడ మీద ఎన్ని నినాదాలు రాశారో చూడటం కన్న, అక్కడ చిన్నవాడు పెద్దవాడికి చెడువార్త చెప్పగలడా అన్నది చూడటం మేలు.

చట్టం ఊరుకున్నదని కాదు. భోపాలు తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక అధ్యాయం చేర్చారు. ప్రమాదకరమైన పదార్థాల వివరాలు పనివాళ్లకు, చుట్టుపక్కల జనానికి తెలపాలనీ, ముప్పు ముంచుకు వస్తున్నదని తోచినప్పుడు పనివాడు ఆ సంగతి హెచ్చరించవచ్చుననీ అందులో ఉన్నది. 1989 నిబంధనలు, పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీలు ఊరివాళ్లకు ముందుగానే ఏం చేయాలో చెప్పి ఉంచాలన్నాయి. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి పాత ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం స్థానాన్ని తీసుకున్నది. కాగితం మీద హక్కు ఉన్నది. అడిగేవాడు ఉంటేనే అది కాగితం దిగి వస్తుంది.

కనుక మన ఇళ్లలో చేయదగినవి కొన్ని చెప్పి ముగిస్తాను.

పనికి పోయే వాళ్లను నాలుగు మాటలు అడగండి. నీవు పని చేసే చోట ఏ పదార్థం ఉన్నది? దాని వల్ల ఏమవుతుందో నీకు చెప్పారా? గాలిలో ధూళి ఎంతో కొలుస్తున్నారా, ఆ లెక్క మీకు చూపుతున్నారా? నీ ఆరోగ్య పరీక్ష కాగితం నీ చేతికి ఇచ్చారా? నాలుగో దానికి "వాళ్ల దగ్గరే ఉన్నది" అని జవాబు వస్తే, నకలు అడిగి తెచ్చుకోమనండి. ఏటేటా ఊపిరి పరీక్ష కాగితాలు వరుసగా ఒక కవరులో దాచండి. ఒక్క కాగితం ఏమీ చెప్పదు, అయిదు కాగితాలు పక్కపక్కన పెడితే చాలా చెబుతాయి.

ధూళి పనిచేసిన బట్టలను ఇంట్లో దులపవద్దు. తడిపి, పిల్లల బట్టలతో కలపకుండా వేరుగా ఉతకండి. వీలైతే ఫ్యాక్టరీలోనే స్నానం చేసి బట్టలు మార్చుకొని రమ్మనండి. లేకుంటే స్నానం అయిన తరువాతనే పసిపిల్లను ఎత్తుకోమనండి. గనుల దగ్గరి ఊళ్లలో ఇల్లు పొడి చీపురుతో ఊడ్చేకన్న తడిగుడ్డతో తుడవడం మంచిది. ముఖానికి కట్టుకున్న తువాలు పెద్ద రేణువును ఆపుతుంది గాని ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నని ధూళిని ఆపదు. దానికి తగిన ముసుగు ఇవ్వవలసిన బాధ్యత కంపెనీది.

రసాయన ఫ్యాక్టరీ దగ్గర కాపురం ఉంటే, సైరను మోగితే ఏ దిక్కుకు పోవాలో ఇంటిల్లపాదికీ ముందే తెలిసి ఉండాలి. వాయువు వచ్చేటప్పుడు గాలి వాలున పరుగెత్తకూడదు, గాలికి అడ్డంగా పోవాలి. స్టైరీన్ ఆవిరి వంటివి గాలి కన్న బరువైనవి గనుక పల్లంలో పేరుకుంటాయి. వాటి నుంచి తప్పించుకోవడానికి పల్లపు నేలకు దిగకుండా మెరక వైపు పోవడం మేలు. ఆ ఫ్యాక్టరీ ఏడాదికొకసారైనా ఊరివాళ్లతో ఈ అభ్యాసం చేయించిందా అని పంచాయతీలో అడగడం తప్పు కాదు.

ఇవన్నీ ఫ్యాక్టరీల మీద విరోధంతో చెప్పే మాటలు కావు. ఇనుము లేనిదే నాగలి కర్రు లేదు, మాంగనీసు లేనిదే ఉక్కు లేదు, రసాయనం లేనిదే మందు లేదు. మన కుటుంబాలు అనేకం వాటి అన్నమే తింటున్నాయి. ఆ అన్నం తెచ్చేవాడు సాయంత్రం వెళ్లినవాడు వెళ్లినట్లే తిరిగి రావాలి, రిటైరైన తరువాత కూడా నిటారుగా నడవాలి, మనవడికి తన చేత్తో ఉత్తరం రాయగలగాలి. కోరేది అంతే. అది జరగాలంటే ఎవరో ఒకరు ప్రతి రాత్రీ మీటరు చూడాలి, ప్రతి ఉదయం దారికి నీళ్లు చల్లాలి, ఏమీ జరగలేదని విసుగు చెందకుండా మర్నాడు మళ్లీ అదే పని చేయాలి.